కౌంట్ తగ్గితే మంచిదా, పెరిగితే మంచిదా? మీ పనిలో ఈ మాటకి అర్థం ఏంటో చెప్పండి

పాలకొల్లు మేస్టారు:
హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతానండి. మొన్న తొమ్మిదో తరగతిలో ‘కౌంట్’ అని బోర్డు మీద రాసి అర్థం అడిగాను. ముందు బెంచీ పిల్ల ‘లెక్కపెట్టడం’ అంది. వెనకనుంచి ఒకడు ‘రొయ్య సైజండి’ అన్నాడు. ఇంకో అమ్మాయి ‘రక్తపరీక్షండి, డెంగీలో మా అమ్మకి పడిపోయింది’ అంది. ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. నిఘంటువు తీస్తే ఇంకా బోలెడు ఉన్నాయి. మీమీ పనుల్లో ఈ మాట ఎలా వాడతారో, ఆ లెక్క ఎలా కడతారో కాస్త వివరంగా రాయండి. పిల్లలకి దాంతోనే పాఠం చెబుతాను.

భీమవరం చెరువు:
మాకు కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి అన్నదేనండి. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. 50 అంటే 20 గ్రాములు, 40 అంటే 25. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కొత్తగా చెరువులోకి దిగినవాళ్ళకి ఇది తలకెక్కడానికి కొంచెం టైం పడుతుంది.
పట్టుబడికి ముందు విసురువల నాలుగైదు చోట్ల వేసి చూస్తాం. ఒక్క మూలే వేస్తే ఆ లెక్క నిలవదు, చెరువంతా ఒకే సైజు ఉండదు కదా. వలలో పడ్డవాటిని బుట్టలో పోసి నీళ్ళు కారనిచ్చి, అప్పుడు కిలో తూచి ఒక్కోటీ లెక్కపెడతాం. నీళ్ళు సరిగా కారకపోతే తూకంలో నీళ్ళే వస్తాయి, రొయ్యలు తక్కువ తూగుతాయి, కౌంట్ తక్కువ కనిపిస్తుంది. అందుకే కొనేవాళ్ళు ఇంకాసేపు కారనివ్వమంటారు. మనకేమో రొయ్య మెత్తబడిపోతుందని కంగారు. 44 వస్తే 45 కింద కట్టుకుంటామని ఒక కొనుగోలుదారు గట్టు మీద పట్టుబట్టాడు. టన్నుల్లో అమ్మేటప్పుడు ఆ ఒక్క అంకె చిన్న విషయం కాదండి. మా నాన్నగారు ఒప్పుకోలేదు, అందరి ముందూ మళ్ళీ తూయించారు.

గ్రేడింగ్ సెక్షన్:
ఎగుమతి ప్లాంటులో పనిచేస్తాను. చెరువు కౌంట్, పెట్టె మీద కౌంట్ ఒకటి కాదండి. పై దేశాలకి వెళ్ళే పెట్టెల మీద 16/20, 21/25, 26/30 అని ఉంటుంది. అది కిలోకి కాదు, పౌనుకి, అంటే 454 గ్రాములకి. పైగా ఎక్కువగా తల తీసేసిన రొయ్యకి. తల తీస్తే బరువులో మూడో వంతు దాకా పోతుంది. గట్టు మీద 40 కౌంట్ వనామీ రకం రొయ్య, తల తీశాక సుమారుగా 26/30 పెట్టెలోకి వస్తుంది. ఈ రెండు లెక్కలూ కలిపేసుకుని ‘అక్కడ అంత రేటు, మాకింతేనా’ అని రైతులు బాధపడటం చూశాను. రేటు పోల్చుకునే ముందు కిలోకా పౌనుకా, తలతోనా తల లేకుండానా అని అడగాలి.

బండారులంక మగ్గం:
నూలుకీ కౌంటే! ఎప్పటినుంచో ఉన్న ఇంగ్లీషు లెక్క ఇది. ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే అంత కౌంట్. 80 చిలపలు తూగితే 80 కౌంట్. అంటే ఒక్క పౌను నూలు పొడుగు 67,200 గజాలు. ఎంత సన్నం పోగో ఆలోచించండి. 20 కౌంట్ మోటుగా ఉంటుంది, దుప్పట్లకీ తువ్వాళ్ళకీ బాగుంటుంది. 100 కౌంట్ చీర ఒంటి మీద తేలిపోతుంది గానీ నేసేవాడికి ఓపిక కావాలి. ఎండలు ముదిరి గాలి పొడిబారితే పడుగు పోగులు పుటుక్కుమని తెగుతూనే ఉంటాయి. ఒక్కో పోగూ వెతికి ముడేసి మళ్ళీ మగ్గం పలకలోంచి, అంటే పోగుల్ని విడివిడిగా పట్టే దువ్వెనలాంటి దాంట్లోంచి, తీయాలి. గుంట మగ్గానికి కింద నేల తేమ ఉంటుంది కాబట్టి కొంత నయం.
ఇంకో సంగతి. రెండు 80 పోగులు కలిపి పేనితే 2/80 అంటారు, దాని మందం ఒంటిపోగు 40 కౌంట్‌తో సమానం. పట్టుకి మాత్రం డెనియర్ చెబుతారు, అది తిరగేసిన లెక్క: 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అక్కడ అంకె పెరిగితే పోగు లావు.
మేస్టారూ, రొయ్యకీ నూలుకీ సూత్రం ఒకటే చూశారా? ఇంత బరువుకి ఎన్ని అన్నదే.

కాకినాడ కోడలు:
మరి దుప్పటి ప్యాకెట్ మీద 300 థ్రెడ్ కౌంట్ అని రాస్తున్నారు కదండీ, అదీ ఇదేనా?

బండారులంక మగ్గం:
కాదమ్మా. అది చదరపు అంగుళంలో పడుగు, పేక కలిపి ఎన్ని పోగులున్నాయన్న లెక్క. నేత ఎంత చిక్కగా ఉందో చెబుతుంది, పోగు సన్నమో లావో చెప్పదు. ఆ అంకె ఒక్కటే చూసి కొనొద్దు, గుడ్డ చేత్తో పట్టుకుని చూడండి.

అమలాపురం ల్యాబ్:
మా దగ్గర ‘కౌంట్ పడిపోయింది’ అంటే ఇంట్లోవాళ్ళ మొహాలు మారిపోతాయి. మామూలుగా ప్లేట్‌లెట్లు మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. తెల్లకణాలు సుమారు 4,000 నుంచి 11,000. ‘కౌంట్ ఎక్కువొచ్చింది, ఏదో ఇన్‌ఫెక్షన్’ అంటే అది తెల్లకణాల మాట. డెంగీలో తగ్గిందంటే ఎక్కువగా ప్లేట్‌లెట్ల మాట. ఏ కౌంటో చెప్పకుండా ఫోన్లో ‘కౌంట్ తగ్గింది’ అని మాత్రం అంటే ఊళ్ళో ఉన్నవాళ్ళు హడలిపోతారు.
ఇప్పుడు మిషన్లే లెక్కిస్తాయి. అంతకుముందు గళ్ళు గీసిన గాజు పలక మీద పలచన చేసిన రక్తం వేసి, మైక్రోస్కోపులో కొన్ని గళ్ళలో కణాలు లెక్కపెట్టి గుణించేవాళ్ళు. ఒక్కోసారి గొట్టంలోనే ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుపోతాయి. మిషన్ ఆ గుంపుని సరిగా లెక్కించలేక బాగా తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే స్లయిడ్ మీద రక్తం పూసి కళ్ళతో చూసి తీరాలి. ఈ పని వదిలేయకూడదండి, అనవసరంగా ఒక కుటుంబం రాత్రికి రాత్రి కారు కట్టించుకుని పరిగెడుతుంది.

రాజమండ్రి పాఠకురాలు:
ఇంగ్లీషు నవలల్లో కౌంట్ అంటే ఐరోపా దొర. ఆ మాటకీ లెక్కకీ చుట్టరికం లేదు. దొర కౌంట్, లాటిన్‌లో ‘తోడుండేవాడు’ అనే మాటనుంచి వచ్చింది, అంటే రాజుకి తోడు. అతని ఏలుబడే కౌంటీ, మనం వినే కౌంటీ క్రికెట్ అదే. ఇంగ్లండులో దొరని ఎర్ల్ అంటారు గానీ ఆయన భార్యని మాత్రం కౌంటెస్ అనే అంటారు. లెక్క కౌంట్‌కి మూలం వేరే లాటిన్ మాట, కంప్యూటర్‌కీ అదే మూలం. అకౌంట్, డిస్కౌంట్, బస్టాండులో టికెట్ కౌంటర్ అన్నీ ఈ కుటుంబమే. ‘వాడు భలే కౌంటర్ వేశాడు’ అన్నప్పటిది మళ్ళీ వేరు, అది ‘ఎదురు’ అనే అర్థం నుంచి వచ్చింది.

అంబాజీపేట కొబ్బరితోట:
మాకు కౌంట్ లేదు, లెక్కే. కాయలు వెయ్యికి ఇంత అని, ఎండు కొబ్బరి క్వింటాల్‌కి ఇంత అని. ధాన్యం కుంచంతో కొలిచే రోజుల్లో మా తాతగారు ఒకటి అనేవారు కాదు. ‘లాభం, రెండు, మూడు’ అని మొదలెట్టేవారు. పిల్లలకి ఇది కూడా చెప్పండి మేస్టారూ, మర్చిపోతున్నారు.

పాలకొల్లు మేస్టారు:
తప్పకుండా చెబుతానండి, అందరికీ ధన్యవాదాలు. మా పిల్లలకి కష్టంగా ఉండేది ‘ఐ కౌంట్ ఆన్ యూ’. ‘నిన్ను లెక్కపెడతాను’ అని రాస్తారు. ‘నీ మీదే భరోసా పెట్టుకున్నాను’ అని చెప్పాలి. ‘ఎవ్రీ ఓట్ కౌంట్స్’ మాత్రం తేలిగ్గా అందుతుంది. మనకీ ‘నన్ను లెక్కచేయడు’, ‘ఎంత లెక్కలేనితనం’ అనే మాటలున్నాయి కదా, లెక్కలోంచి విలువ పుట్టింది అక్కడా ఇక్కడా.
అసలు చిక్కు వ్యాకరణంలో. ఇంగ్లీషులో పాలు, నీళ్ళు, బియ్యం లెక్కకి రావు, ఏకవచనమే. మనకి పాలు విరిగాయి, నీళ్ళు వచ్చాయి, బియ్యం అయిపోయాయి. అందుకే కాలవకి నీళ్ళు వదిలారని రాయమంటే ‘వాటర్స్ ఆర్ కమింగ్’ అని రాస్తారు. వాళ్ళు తెలుగులో సరిగ్గానే ఆలోచిస్తున్నారు, అది ముందు మెచ్చుకుని ఆ తర్వాత దిద్దుతాను.

భీమవరం చెరువు:
మరి రొయ్యలు లెక్కకి వస్తాయా రావా మేస్టారూ?

పాలకొల్లు మేస్టారు:
వస్తాయండి. కానీ ఇరవై ఉన్నా ఎక్కువగా ‘ట్వంటీ ష్రింప్’ అనే అంటారు. చేపకీ అంతే, ‘టెన్ ఫిష్’. వేర్వేరు రకాల చేపలైతే ‘ఫిషెస్’ అనొచ్చు.