డిపాజిట్ ‘గల్లంతు’ అవుతుందా, ‘జప్తు’ అవుతుందా?

ప్రశ్న: శాసనసభ ఎన్నికల ఫలితాలు రాగానే ‘ఫలానా అభ్యర్థి డిపాజిట్ గల్లంతు’ అని రాసేస్తాం. ఏట్లో మనిషి గల్లంతైతే గాలిస్తారు. జాబితాలో ఓటు గల్లంతైతే ఫారం 6 పెట్టుకుంటారు. నామినేషన్ వేసేటప్పుడు కట్టిన డిపాజిట్ ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుసు, సర్కారు ఖాతాలో ఉంది. కనబడకుండా పోనిదాన్ని గల్లంతు అనొచ్చా? జప్తు అనాలి కదా?

జవాబు 1: చట్టం ప్రకారం జప్తే. హిందీలోనూ ‘జమానత్ జబ్త్’ అంటారు, మన జప్తు ఆ జబ్తే. కానీ తెలుగు చెవికి జప్తు అనగానే బకాయిదారు ఇంటి ముందు దిగిన కోర్టు అమీనా కనిపిస్తాడు. ఇక్కడ ఎవరూ వచ్చి ఏమీ పట్టుకుపోరు, ఓట్లు చాలకపోవడమే జరుగుతుంది. పాత నిఘంటువుల్లో గల్లంతంటే గోల, అల్లరి. ఆ గోలలో ఏదో చేజారిపోవడమనే అర్థం తర్వాత బలపడి ఉంటుంది. డిపాజిట్ విషయంలో ఈ మాటకు పరువు పోయిన ధ్వని కూడా ఉంది, జప్తుకు అది లేదు. నా ఓటు గల్లంతుకే.

జవాబు 2: కర్తలో తేడా కూడా చూడండి. ‘అభ్యర్థి డిపాజిట్ కోల్పోయారు’ అంటే పోగొట్టుకున్నది ఆయన. ‘డిపాజిట్ గల్లంతైంది’ అంటే అది తనంతట తాను పోయింది. ‘డిపాజిట్ గల్లంతు చేయండి’ అంటే ఓటరు చేతిలో పని, సభల్లో వినపడేది ఇదే. వార్తకు మొదటిది మర్యాదగా ఉంటుంది.

జవాబు 3: మాట ఏదైనా పెట్టండి, లెక్క తప్పు రాయకండి. ‘ఆరో వంతు ఓట్లు రాకపోతే డిపాజిట్ పోతుంది’ అని రాస్తుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 158వ సెక్షన్ అడిగేది ఆరో వంతు దాటడం. చెల్లిన ఓట్లు 1,80,000 అయితే ఆరో వంతు 30,000. సరిగ్గా 30,000 వచ్చినవాడికి డిపాజిట్ రాదు, 30,001 కావాలి.

రెండో తప్పు నోటాతో వస్తుంది. 2013 నుంచి ఉన్న నోటా ఓట్లను ఈ లెక్కలో కలపరు. పై ఉదాహరణలో నోటాకు మరో 2,400 పడ్డాయనుకోండి. పోలైన మొత్తం 1,82,400ను ఆరుతో భాగిస్తే 30,400 వస్తుంది. అప్పుడు 30,100 ఓట్లు తెచ్చుకున్న మనిషికి లేని గల్లంతు అంటగట్టినట్టే. తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లనూ తీసేయాలి.

మూడో స్థానమంటే గల్లంతేనని కూడా కాదు, ఓట్లు ఎలా చీలాయన్నదాన్ని బట్టి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో మూడో స్థానంలో నిలిచిన కాంగ్రెస్‌కు 24 వేలకు కాస్త తక్కువగా వచ్చాయి. మామూలుగా చూస్తే చిన్న సంఖ్య కాదు. పోలైనవి రెండు లక్షల పాతిక వేల దాకా ఉండటంతో గీత 37 వేల పైన పడింది, డిపాజిట్ పోయింది. ఇక గెలిచినవాడికి ఆరో వంతు దాటకపోయినా డిపాజిట్ వెనక్కి వస్తుంది, అక్కడ గల్లంతు ప్రశ్నే లేదు.

ప్రశ్న: రెండుచోట్ల పోటీ చేసి రెండుచోట్లా గెలిస్తే?

జవాబు 3: ఒకటే వెనక్కి వస్తుంది, రెండోది ప్రభుత్వానికే. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా గెలిచారు. ఇప్పుడు అది కుదరదు, 1996 సవరణ తర్వాత రెండే గరిష్ఠం. ఇలా పోయినదాన్ని మాత్రం దయచేసి గల్లంతు అనకండి. గెలిచినాయనను ఓడినట్టు చదువుకుంటారు. ‘జమ’ అంటే చాలు. అన్నట్టు, రెండు గెలిచినవారు గడువులోగా ఒకటి వదులుకోకపోతే రెండు సీట్లూ పోతాయి. గల్లంతనే మాట నిజంగా అతికేది అక్కడ!

జవాబు 4: ‘ధరావతు’ను ఎవరూ తలవలేదే? డిపాజిట్‌కు మనకున్న మాట అది, టెండర్లలో ఇంకా బతికే ఉంది. కొందరు ‘ధరావత్తు’ అనీ రాస్తారు. లంబాడాల ఇంటిపేరు ధరావత్‌తో మాత్రం కలపొద్దు, అభ్యర్థుల జాబితా దిద్దేటప్పుడు వెతికి మార్చే మీట నొక్కితే పేర్లు పాడవుతాయి.

మొత్తం కూడా సరిచూసుకుని రాయండి. శాసనసభకు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000, వాళ్లు జనరల్ స్థానంలో నిలబడినా అంతే. లోక్‌సభకు 25,000. ఒకే నియోజకవర్గంలో నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు, ధరావతు మాత్రం ఒకటే. నగదు గానీ ట్రెజరీ చలానా గానీ చెల్లుతుంది, చెక్కు చెల్లదు. ఉపసంహరించుకున్నవారికి తిరిగి ఇస్తారు, కాబట్టి ‘బరిలోంచి తప్పుకుని ధరావతు పోగొట్టుకున్నారు’ అన్న వాక్యం భాషాపరంగా ఎంత బాగున్నా తప్పే.