పది సిస్టమ్‌ల ఆఫీసుకి ఎలాంటి నెట్‌వర్క్ స్విచ్ కావాలి? వైరింగ్ ఎలా చేయించాలి?

నరసరావుపేట ఆర్టికల్

అందరికీ నమస్కారం. మాది ఆడిటర్ గారి ఆఫీసు. కొత్త చోటికి మారుతున్నాం. 10 డెస్క్‌టాప్‌లు, 2 నెట్‌వర్క్ ప్రింటర్లు, ట్యాలీ డేటా మొత్తం ఉండే సిస్టమ్ ఒకటి, 4 కెమెరాలు. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన రూటర్‌కి ఉన్నవి నాలుగే పోర్టులు. ఇప్పుడు సగం మంది వైఫై మీదే ట్యాలీ నడుపుతున్నారు. రిటర్నుల గడువు దగ్గర పడిందంటే ఒకటే టెన్షన్. ఈసారి అన్నీ కేబుల్ మీదకి తెద్దామని సార్ పట్టుబట్టారు. ఒక షాపాయన మేనేజ్డ్ స్విచ్ (లోపలికెళ్లి సెట్టింగులు మార్చుకునే రకం) లేకపోతే కుదరదన్నాడు. పక్క షాపాయన 16 పోర్టుల మామూలు డబ్బా చాలన్నాడు. రెండింటి ధరకీ పొంతనే లేదు. ఎవరి మాట వినమంటారు?

కేబుల్ మావయ్య

రెండో ఆయన మాటే వినండి, పోర్టుల లెక్క మాత్రం మార్చండి. డెస్క్‌టాప్‌లు 10, ప్రింటర్లు 2, ట్యాలీ సిస్టమ్ 1, కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డింగ్ డబ్బా) 1, రూటర్ నుంచి వచ్చే తీగ 1. అక్కడికే 15 అయిపోయాయి. ఇద్దరు కొత్త ఆర్టికల్స్ (సీఏ ట్రైనీలు) చేరితే ఏం చేస్తారు? టేబుల్ కింద ఇంకో 5 పోర్టుల డబ్బా పెడతారు, తర్వాత దానికి ఇంకోటి తగిలిస్తారు. ఆ గొలుసు మొదలవకముందే 24 పోర్టులది తీసుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీద 10/100/1000 అని ఉందో లేదో చూడండి. 10/100 అని మాత్రమే రాసినవి ఇంకా అమ్ముతున్నారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 100 ఎంబీపీఎస్ పోర్టు మీద ఫైల్ కాపీ సెకనుకి 11, 12 ఎంబీ దాటదు. 5 జీబీ ట్యాలీ బ్యాకప్‌కి ఏడెనిమిది నిమిషాలు కూర్చోవాలి. గిగాబిట్‌లో, అంటే 1000 ఎంబీపీఎస్‌లో, డిస్క్ సహకరిస్తే, నిమిషం లోపు అయిపోతుంది.

నరసరావుపేట ఆర్టికల్

మా నెట్ ప్లానే 100 ఎంబీపీఎస్ కదండీ, గిగాబిట్ వల్ల ఉపయోగం ఉంటుందా?

కేబుల్ మావయ్య

ట్యాలీ డేటా మీ ఆఫీసు గడప దాటదు బాబూ. మీ సిస్టమ్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి ట్యాలీ సిస్టమ్‌కి, అంతే. మధ్యలో నెట్ ప్లాన్‌కి సంబంధమే లేదు. నెట్ పోయినా ట్యాలీ నడవాలి, ప్రింట్ రావాలి.

సీటీసీ పాత కస్టమర్

స్విచ్ గురించి ఇంత మాట్లాడుతున్నరు, కేబుల్ గురించి ఎవరూ అడగలేదు. నేను చూసిన ఆఫీసుల్లో తొంభై పాళ్లు గొడవ కేబుల్ దగ్గరే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి (కంప్యూటర్ షాపులుండే సీటీసీ) పోయి క్యాట్ 6 నెట్ కేబుల్ కావాలంటే, 305 మీటర్ల బాక్సు ఒకటి సగం ధరకే ఇస్తమంటరు. అది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిసిందా, పక్కన పెట్టేయండి. బాక్సు లేపితేనే తెలుస్తది, అసలు రాగిది బాగా బరువుంటది. సీసీఏ తీగ పంచింగ్ (సాకెట్ గాడిలో దిగ్గొట్టుడు) చేసేటప్పుడు పుటుక్కున తెగుతది. పీఓఈ, అంటే నెట్ తీగ మీదనే కరెంటు, ఎక్కిస్తే వేడెక్కుతది. కొత్తలో అంతా మంచిగనే ఉంటది, ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కో సీటు చచ్చుడు మొదలైతది.

ఎలక్ట్రీషియన్‌తోనే నెట్ వైరింగ్ కూడా కానిచ్చేద్దామని బిల్డర్ అంటడు, ఒప్పుకోకండి. లేకపోతే కరెంటు పైపులనే నెట్ కేబుల్ కూడా దూర్చేస్తరు. రెండిటికీ వేరే వేరే పైపు ఉండాలె.

డల్లాస్ గోదారి

ఇక్కడ నెట్‌వర్క్ పని చేసేవాడిగా ఒక మాట చెప్తానండి. మామూలు స్విచ్ చాలనేస్తున్నారు గానీ, మీ దగ్గర ఉన్నది క్లయింట్ల డేటా. కెమెరాలు, ఆఫీసుకొచ్చే వాళ్ల ఫోన్లు, ట్యాలీ అన్నీ ఒకే గిన్నెలో పోస్తారాండి? మేనేజ్డ్ కాకపోయినా కనీసం స్మార్ట్ స్విచ్ (దానికన్నా తక్కువ సెట్టింగులుండేది) తీసుకుని కెమెరాలకొక వీలాన్ (ఒకే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్), ఆఫీసుకొకటి, గెస్టులకొకటి పెట్టుకోవాలి. మా దగ్గర పది మంది ఆఫీసైనా అలాగే చేస్తామండి.

ప్యాకెట్ పంతులు

గోదారి గారూ, మీరన్నది సరైన పద్ధతే, కాదనను. కానీ ఈ ఆఫీసులో అది ఎక్కడ ఆగిపోతుందో చూడండి. స్విచ్‌లో మూడు వీలాన్‌లు పెట్టగానే మూడూ మూడు వేరే నెట్‌వర్కులవుతాయి. మూడింటికీ నెట్ ఇవ్వాలంటే రూటర్‌కి కూడా వీలాన్ ట్యాగులు (ఏది ఏ వీలాన్‌దో చెప్పే గుర్తులు) అర్థం కావాలి. ఇంటర్నెట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే డబ్బాలో చాలావరకు ఆ ఏర్పాటు ఉండదు, ఉన్నా మన చేతికి ఇవ్వరు. అంటే రూటర్ కూడా కొనాలి. తర్వాత అది చూసుకునే మనిషి కావాలి. పాస్‌వర్డ్ పెట్టినాయన ఊరు మారితే, ఒక ప్రింటర్‌ని పోర్టు 7 నుంచి 12కి మార్చాలన్నా స్విచ్ రీసెట్ కొట్టి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

కెమెరాల సంగతికొస్తే, ఎన్‌వీఆర్ వెనకే పీఓఈ పోర్టులున్నది కొంటే కెమెరాలు నేరుగా దానికే తగులుతాయి, ఆఫీసు స్విచ్ మీదకి రానే రావు. స్విచ్‌కి వచ్చేది ఎన్‌వీఆర్ తీగ ఒక్కటే. వచ్చిపోయేవాళ్ల ఫోన్లకి రూటర్‌లోనే గెస్ట్ వైఫై ఆన్ చేస్తే చాలు. ఒక్క జాగ్రత్త: వైఫై అందడం లేదని ఇంకో రూటర్ తెచ్చి యాక్సెస్ పాయింట్‌లా (వైఫై మాత్రమే ఇచ్చేలా) పెడితే, చాలా మోడళ్లలో దాని గెస్ట్ వైఫై పేరుకే గెస్ట్. దాంట్లోకి వచ్చిన ఫోను లోపలి సిస్టమ్‌లన్నీ చూడగలదు. అలా పెట్టి, మీ ఫోన్‌ని గెస్ట్‌లో కలిపి, ప్రింటర్ అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టి చూడండి. పేజీ తెరుచుకుందంటే గెస్ట్ ఆపేయండి.

డల్లాస్ గోదారి

ఎన్‌వీఆర్ పోర్టుల మాట ఒప్పుకుంటానండి. కానీ స్మార్ట్ స్విచ్ అంటే వీలాన్ ఒక్కటే కాదు కదా. ఏ పోర్టు ఎంత స్పీడులో కలిసింది, ఎక్కడ ఎర్రర్లు వస్తున్నాయి, కేబుల్ ఎన్ని మీటర్ల దగ్గర తెగింది, ఇవన్నీ అందులో కనపడతాయి. ఆ కాస్త సౌకర్యానికైనా డబ్బు పెట్టొచ్చు. నా ఓటు ఇప్పటికీ దానికేనండి.

లింక్‌లైట్

స్మార్ట్ స్విచ్ తీసుకుంటే మొదట చూడాల్సింది: కొన్ని 192.168.0.1 అడ్రస్‌తోనే వస్తాయి. మీ రూటర్‌దీ అదే అయితే, స్విచ్ తగిలించిన నిమిషం నుంచి నెట్ వచ్చీపోయీ అవుతుంది, ఎందుకో అంతుబట్టదు. ముందు ల్యాప్‌టాప్ ఒక్కటే దానికి కలిపి, అడ్రస్ మార్చి, పాస్‌వర్డ్ మార్చి, అప్పుడు ఆఫీసుకి కలపండి.

ఇంకోటి. గుంటూరులో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను. సగం సిస్టమ్‌లకి ప్రింటర్ కనపడుతుంది, సగానికి కనపడదు, ఏ సీటుకి కనపడదో రోజూ మారిపోతుంటుంది. స్విచ్ పాడైందని మార్చేశారు కూడా. ఐపీకాన్ఫిగ్ (సిస్టమ్ అడ్రస్ చూపించే కమాండ్) కొట్టి చూస్తే కొన్నిటికి 192.168.1 వరస, కొన్నిటికి 192.168.0 వరస. క్యాబిన్‌లో సిగ్నల్ రావడం లేదని ఒక లెక్చరర్ ఇంటి దగ్గరి పాత రూటర్ తెచ్చి గోడ సాకెట్‌కి పెట్టుకున్నాడు, అదీ ల్యాన్ (లోపలి సిస్టమ్‌లకిచ్చే) పోర్టులో. అది కూడా డీహెచ్‌సీపీతో అందరికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది. ముందు ఎవరిది అందితే ఆ సిస్టమ్ వాళ్లదే. పాత రూటర్ వాడొద్దని కాదు. దాని అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, అప్పుడు ల్యాన్ పోర్టులోనే కలిపితే బుద్ధిగా వైఫై ఇస్తుంది.

అడ్రస్ 169.254తో మొదలైందా, అప్పుడు కథ వేరు. దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. అక్కడ కేబులో పోర్టో చూసుకోవాలి.

మిర్యాలగూడ మిల్లు

మధ్యలో వస్తున్న, ఏమనుకోకండి. మాది రైస్ మిల్లు. ఆఫీసు నుంచి కాటా గది 130 మీటర్లుంటది. క్యాట్ 6 స్తంభాల మీద నుంచి లాగిన, ఒక రోజు వస్తది, ఒక రోజు రాదు. మంచి స్విచ్ పెడితే వస్తదా?

కేబుల్ మావయ్య

రాదు. రాగి తీగకి హద్దు 100 మీటర్లు. ఎంత ఖరీదైన స్విచ్ పెట్టినా ఆ హద్దు జరగదు. కెమెరాల కోసం అమ్మే స్విచ్‌ల మీద 250 మీటర్లు అని ఉంటుంది, ఆ బటన్ నొక్కితే స్పీడు 10 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది.

దూరం ఒక్కటే కాదు. రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి తీగ వేలాడుతుంటే, ఎండాకాలం ఉరుముల వానలో దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ తీగ పట్టుకుని రెండు వైపులా పోర్టులు మాడిపోతాయి. ఫైబర్ వేయించండి. మీ ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ పని చేసే కుర్రాళ్ల దగ్గరే స్ప్లైసింగ్ (ఫైబర్ అతికే) మెషీన్ ఉంటుంది. అటొకటి ఇటొకటి మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌కి కలిపే డబ్బా) పెట్టాలి. ఒకే పోగు మీద నడిచేవి ఏ, బీ అని జతగా వస్తాయి. అటు ఏ ఉంటే ఇటు బీ ఉండాలి. రెండూ ఏ రకమే కట్టి ఇస్తే లైటు వెలగదు, మీరు ఫైబర్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు.

మిర్యాలగూడ మిల్లు

రెండు పక్కల పిన్ను మాడుడు నిజమే మావయ్యా, పోయిన వానలకు అదే అయింది. ఫైబరోళ్లకు ఫోన్ చేస్తున్న.

నరసరావుపేట ఆర్టికల్

అప్‌డేట్ అండీ. 24 పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్ తీసుకున్నాం. గోదారి గారూ, ఏమనుకోవద్దు, సార్ బడ్జెట్. గోడకి చిన్న ర్యాక్ పెట్టించాం, ఒక్కో టేబుల్ దగ్గర రెండేసి సాకెట్లు. ట్యాలీ ఎగిరి గంతేస్తోంది. ఒక్క మూల క్యాబిన్ సిస్టమ్‌లో మాత్రం లింక్ స్పీడ్ 100 అనే చూపిస్తోంది. ప్యాచ్ కార్డ్ (సాకెట్ నుంచి సిస్టమ్‌కి వచ్చే చిన్న కేబుల్) మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను, ల్యాప్‌టాప్ పెట్టినా 100 అనే అంటోంది. ఏమై ఉంటుంది?

ప్యాకెట్ పంతులు

ఇంకేం, తప్పంతా గోడలో ఉంది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. 100కి 1, 2, 3, 6 తీగలు చాలు. మిగతా నాలుగింట్లో ఒకటి అందకపోయినా చాలా స్విచ్‌లు గొడవ చేయకుండా 100కి దిగిపోయి నడిపించేస్తాయి. అందుకే ఎవరికీ తెలియదు. ల్యాన్ టెస్టర్ పెట్టి ఏ లైటు వెలగలేదో చూడండి, తర్వాత ఆ సాకెట్ విప్పండి.

టెస్టర్‌లో ఎనిమిదీ వెలిగినా సంబరపడొద్దు. కొందరు జతలు విడదీయకుండా నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని వరసగా కొట్టేస్తారు, రెండు వైపులా అలాగే. టెస్టర్‌కి అంతా బాగానే కనిపిస్తుంది. కానీ 3, 6 ఒకే జతలో ఉండాలి. లేకపోతే ఒక జత సిగ్నల్ పక్క జతలోకి కారుతుంది, కేబుల్ పొడుగైతే లింకే నిలవదు. 568బీ అనే రంగుల వరస ఇది: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే.

నరసరావుపేట ఆర్టికల్

దొరికింది! టెస్టర్‌లో 8 వెలగలేదు. సాకెట్ విప్పితే గోధుమ తీగ గాడిలో పైపైనే కూర్చుంది, తొడుగు తెగనే లేదు. పంచింగ్ టూల్‌తో ఒక్క దెబ్బ వేయించాం, 1000 వచ్చింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు. ఊడ్చడానికి టేబుళ్లు జరిపారు, కాసేపటికి ఆఫీసు మొత్తం ఆగిపోయింది. నెట్ లేదు, ట్యాలీ లేదు, ప్రింటర్ లేదు. స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటున్నాయి. ఆపి వేస్తే కొన్ని క్షణాలు బాగుండి మళ్లీ అదే. స్విచ్ పోయిందా?

లింక్‌లైట్

పోలేదు. టేబుళ్ల కింద చూడండి. ఒకే ప్యాచ్ కార్డ్ రెండు కొసలూ గోడ సాకెట్లలోనే ఉంటుంది.

నరసరావుపేట ఆర్టికల్

ఉందండీ! మూడో టేబుల్ కింద. తీగ వేలాడుతోందని ఎవరో పాపం ఖాళీ సాకెట్‌లో గుచ్చారు. లాగేయగానే అంతా వచ్చేసింది. ఒక్క తీగకి ఆఫీసంతా ఎందుకు ఆగింది?

ప్యాకెట్ పంతులు

బ్రాడ్‌కాస్ట్ అంటే స్విచ్ ప్రతి పోర్టుకీ పంపాల్సిన సందేశం. ఒక పోర్టు నుంచి బయటికెళ్లింది ఆ తీగ గుండా తిరిగి ఇంకో పోర్టులోకి వస్తుంది. స్విచ్ దాన్ని కొత్తదనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. ఐపీ ప్యాకెట్‌కి ఇన్ని గెంతుల తర్వాత చచ్చిపోవాలనే లెక్క ఉంటుంది, ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అది లేదు. తిరుగుతూనే ఉంటుంది, పోగవుతూనే ఉంటుంది. దీనికి మందు స్పానింగ్ ట్రీ, రేడియా పర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో డెక్ కంపెనీలో ఉండగా కనిపెట్టింది. లూప్ (ఇలా తిరిగొచ్చే దారి) కనపడితే ఒక దారి మూసేస్తుంది. మామూలు డబ్బాలో అది ఉండదు.

డల్లాస్ గోదారి

అందుకేనండి, నేను స్మార్ట్ స్విచ్ అన్నది :)

కేబుల్ మావయ్య

ఆ ఒక్క పాయింటూ గోదారి గారిదే. అయితే మామూలు వాటిలోనూ కొన్నిటికి లూప్ ఆపే చిన్న స్లైడర్ స్విచ్ ముందు వైపే ఉంటుంది. ఆర్టికల్ బాబూ, మీ దానికి ఉందేమో చూడు. లేకపోతే వాడని సాకెట్లకి ర్యాక్ దగ్గరే తీగ ఊడదీసి పెట్టు. లోపల కలపకపోతే ఎవరు ఎందులో గుచ్చినా ఏం కాదు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. రూటర్‌నీ స్విచ్‌నీ ఒకే యూపీఎస్ మీద పెట్టండి. రూటర్ కోసం చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొని, దాని పిన్నే 5, 8 పోర్టుల బుల్లి స్విచ్‌లకీ గుచ్చేవాళ్లున్నారు. పిన్ను చక్కగా సరిపోతుంది, కానీ వాటిలో చాలావరకు 5 వోల్టులో 9 వోల్టులో. అడుగున రాసినది చదివి పెట్టండి. మీ 24 పోర్టులది నేరుగా 230 వోల్టులదే అయ్యుంటుంది, దానికి మామూలు యూపీఎస్ ఉండాలి.

నరసరావుపేట ఆర్టికల్

స్లైడర్ లేదండీ, ఖాళీ సాకెట్ల తీగలు ఊడదీశాను. ప్రింటర్ల అడ్రస్ మాత్రం రోజు మారితే ఒకటి మారుతోంది.

లింక్‌లైట్

రూటర్‌లో డీహెచ్‌సీపీ వరసని 192.168.1.100 నుంచి 200కి కుదించండి. ప్రింటర్లకి చివర 10, 11, ట్యాలీ సిస్టమ్‌కి 20 వచ్చే అడ్రస్‌లు చేత్తో ఇచ్చేయండి. ట్యాలీ సిస్టమ్‌లో నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉందో లేదో చూడండి, పబ్లిక్ అని ఉంటే ఫోల్డర్ ఎవరికీ కనపడదు. స్లీప్ కూడా ఆపేయండి, లేకపోతే లంచ్‌కి వెళ్లొచ్చేసరికి అందరి ట్యాలీ ఊడిపోయి ఉంటుంది.