పై అధికారికి కాదని చెప్పాలి, అణకువా తప్పకూడదు. మీరు ఎలా మాట్లాడారు?

లూదియ:
అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ అనుభవాలు కావాలి. మా సెక్షన్‌లో నెలనెలా జరగాల్సిన భద్రతా తనిఖీ ఈసారి జరగలేదు. జరిగినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టమని మేనేజర్ గారు అడుగుతున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, పైనుంచి ఆయనకూ ఒత్తిడి ఉంది. సంతకం పెట్టకూడదని నిర్ణయించుకున్నాను, అందులో సందేహం లేదు. సమస్యంతా ఎలా చెప్పాలన్నదే. ఆయన గదిలోకి వెళ్తేనే టెన్షన్‌తో గొంతు తడారిపోతుంది. మా చర్చి సంఘంలో ఒక పెద్దాయనను అడిగితే "పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదమ్మా, తగ్గించుకో" అన్నారు. ఒక స్నేహితురాలేమో "నిజం నీ వైపున్నప్పుడు భయమెందుకు, మొహమ్మీదే చెప్పేయ్" అంది. రెండూ నాకు సరిగా అనిపించడం లేదు. ఇలాంటి పరిస్థితిలో మాట్లాడినవాళ్లు, ఏ మాటలు వాడారో కూడా చెప్పండి. దయచేసి బైబిలు వాక్యం రిఫరెన్సు ఒక్కటే పెట్టి వెళ్లిపోవద్దు.

రాత్రి డ్యూటీ:
సిస్టర్, నేను నర్సుని. ఒక రాత్రి పెద్ద డాక్టర్ గారు రాసిన డోసు ఆ బిడ్డ బరువుకు ఎక్కువనిపించింది. చుట్టూ జూనియర్ డాక్టర్లు, బిడ్డ తల్లిదండ్రులు ఉన్నారు. అందరి ముందూ "సార్, ఇది తప్పు" అంటే, ఎంత మంచివారైనా ముందు తన మాట నిలబెట్టుకోవాలనే చూస్తారు. అందుకే చార్టు పట్టుకుని ఆయన పక్కకు వెళ్లి మెల్లగా అన్నాను: "సార్, ఒక్క నిమిషం. బిడ్డ బరువు ఇక్కడ ఇలా ఉంది. ఈ డోసు మరోసారి చూస్తారా? మీరు చూసి చెప్పేదాకా మందు ఎక్కించకుండా ఆపుతాను."

ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. ఆయన్ని అడగడం మర్యాద, మందు ఆపడం నా బాధ్యత. అడిగి ఊరుకుంటే బిడ్డకు ప్రమాదం. అడగకుండా ఆపేస్తే ఆయన స్థానాన్ని నేను లాక్కున్నట్టు. ఆయన లెక్క చూసుకుని, పాతది కొట్టేసి మళ్లీ రాశారు. నియమం ప్రకారం రాయాల్సింది రిపోర్టులో రాశాను. అంతకుమించి వార్డులో ఎవరితోనూ ఆ సంగతి చెప్పుకోలేదు. మనకు నిజంగా అణకువ ఉందో లేదో ఆ గదిలో కన్నా బయటికి వచ్చాకే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

పాత మాస్టారు:
అమ్మా, మీ సంఘ పెద్ద మాటలో సగం నిజముంది. మిగతా సగం కోసం అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం చూడండి. అపొస్తలుడైన పౌలు యూదుల మహాసభ ముందు నోరు తెరవగానే ప్రధానయాజకుడైన అననీయ అతని నోటిమీద కొట్టమంటాడు. పౌలు "సున్నము కొట్టిన గోడా, దేవుడు నిన్ను కొట్టును" అని మండిపడతాడు. తర్వాత, ఆయన ప్రధానయాజకుడని తెలియలేదంటూ, ప్రజల అధికారిని నిందింపవద్దన్న లేఖనాన్ని తనకు తానే వర్తింపజేసుకుంటాడు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పౌలు తిట్టును వెనక్కి తీసుకున్నాడు గాని, ధర్మశాస్త్రానికి విరోధంగా కొట్టించారన్న అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఇక ప్రభువును చూడండి. ప్రధానయాజకుడైన కయపకు మామ అయిన అన్న అనే ఆయన ఎదుట ఒక బంట్రౌతు ఆయన చెంపమీద కొడితే తిట్టలేదు, అలాగని ఊరుకోనూ లేదు. నేను చెడు మాట్లాడి ఉంటే ఆ చెడు ఏమిటో చెప్పు, మంచి మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగారు (యోహాను 18:23). కొట్టినవాడే ఆలోచించుకుని సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న అది. తగ్గించుకోవడమంటే నోరు మూసుకోవడమే అయితే, ప్రభువు ఆ మాట అనేవారే కాదు.

నేను బడిలో పనిచేసినప్పుడు పై అధికారులతో మాట్లాడాల్సి వస్తే ఇదే పాటించాను. వాళ్ల గురించి తీర్పు చెప్పేవాణ్ణి కాదు, జరిగినదాని గురించి అడిగేవాణ్ణి. "మీరు పక్షపాతం చూపిస్తున్నారు" అనడం వేరు, "ఈ పిల్లవాడి పేరు జాబితాలో ఎందుకు లేదో తెలుసుకోవచ్చా సార్" అనడం వేరు.

నల్లకోటు:
నేను వకీలుని. తీర్పు తప్పని అప్పీలు వేస్తాం, కాని జడ్జి గారిని ఒక్క మాట అనం. "గౌరవపూర్వకంగా విన్నవించుకుంటున్నాను" అని మొదలుపెట్టి, తీర్పులో ఏది ఎందుకు నిలవదో పేరాలు పేరాలుగా రాస్తాం. గౌరవమూ అభ్యంతరమూ ఒకే కాగితం మీద ఉండొచ్చని మా వృత్తి రోజూ చూపిస్తుంది.

పౌలు చట్టాన్ని ఎలా వాడాడో చూస్తే నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. ఫిలిప్పీలో అధికారులు విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, మర్నాడు గుట్టుగా పంపించేయాలని చూస్తే, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). కొరడాలతో కొట్టబోతుంటే శతాధిపతిని, శిక్ష విధించకుండానే రోమీయుణ్ణి కొట్టడానికి మీకు అధికారం ఉందా అని అడిగాడు (22:25). న్యాయం దొరకదని తేలినప్పుడు రోమా చక్రవర్తి అయిన కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు (25:11). నియమాలు మనకిచ్చిన దారిని వాడుకోవడం అహంకారం కాదు. అక్కా, మీరు కూడా నోటితో చెప్పినదాన్నే ఆ రోజే రెండు వాక్యాల్లో మెయిల్ చేయండి. ఆయన్ని ఇరికించడానికి కాదు. రేపు ఎవరు అడిగినా ఇద్దరిదీ ఒకటే మాటగా ఉండడానికి.

చరిత్రలో నాకు నచ్చే ఉదాహరణ మిలాను బిషప్పు ఆంబ్రోసు. క్రీ.శ. 390లో థెస్సలొనీకలో థియొడోసియస్ చక్రవర్తి సైనికులు జనాన్ని ఊచకోత కోశారు. ఆంబ్రోసు చక్రవర్తికి తన చేత్తోనే ఉత్తరం రాశాడు, ఆయన ఒక్కడే చదవాలని. అందులో ప్రేమ ఉంది, గౌరవం ఉంది. దాంతోపాటే, మీరు పశ్చాత్తాపపడకుండా మీ సమక్షంలో ప్రభువు బల్ల జరిపించలేనని కూడా ఉంది. చివరికి చక్రవర్తి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ముందు ఏకాంతంగా చెప్పాలన్న జాగ్రత్త, చెప్పే విషయాన్ని పలుచన చేయలేదు.

సూటి మాట:
ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం ఉంది. అణకువ గురించి పాఠాలన్నీ కిందివాళ్లకే ఎందుకు చెబుతాం? మా సంఘంలో ఒకప్పుడు భవన నిధి లెక్కలు అడిగినవాళ్లకు "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అన్న వాక్యమే వినిపించేవారు. దావీదు ఆ మాట అన్నది, తనను చంపాలని తరుముతున్న రాజైన సౌలును చంపకూడదని. సౌలును ఏమీ అడగకూడదని కాదు. అదే 1 సమూయేలు 24లో దావీదు గుహ బయట నిలబడి, కోసిన వస్త్రపు చెంగు చూపించి, "నా యేలినవాడా, రాజా" అంటూ సాష్టాంగపడి, తన పక్షమంతా పెద్ద గొంతుతో చెప్పుకున్నాడు.

ఇంకొకటి. సౌలు ఏడ్చాడు, నీవు నాకంటె నీతిపరుడవు అన్నాడు. అయినా దావీదు అతని వెంట వెళ్లలేదు, తన కొండ స్థలానికి వెళ్లిపోయాడు. 26వ అధ్యాయంలో సౌలు తిరిగి రమ్మని పిలిచినా, తను పట్టుకొచ్చిన సౌలు ఈటెను తీసుకోవడానికి ఒక పనివాణ్ణి పంపమన్నాడే గాని తను దగ్గరికి వెళ్లలేదు. గౌరవించడం వేరు, ఈటె విసిరే చేతికి అందేంత దూరంలో కూర్చోవడం వేరు. కొట్టేవాళ్లు, లైంగికంగా వేధించేవాళ్లు, బెదిరించేవాళ్లు అధికారంలో ఉంటే వాళ్లతో ఒంటరిగా మాట్లాడమని ఎవరికీ సలహా ఇవ్వకండి. అక్కడ దూరం జరగాలి, చట్టానికి చెప్పాలి. అది అణకువకు లోటు కాదు.

లెక్కల విషయంలో మేం కొందరం కలిసే వెళ్లాం. పెద్దమీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని 1 తిమోతి 5:19 చెబుతుంది కదా. "అయ్యగారూ, మిమ్మల్ని అనుమానించి రాలేదు. సంఘం ఇచ్చిన డబ్బు కాబట్టి సంఘం ముందు లెక్క ఉండాలి. వచ్చే కూడిక లోపు చూపించగలరా?" అని అడిగాం. మొదట ఆయనకు కోపం వచ్చింది. మేం గొంతు పెంచలేదు, తేదీ మాత్రం వదల్లేదు. లెక్కలు బయటికి వచ్చాయి. తర్వాత కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు, అదీ భరించాం.

చిన్న దీపం:
నేను రీసెర్చ్ స్టూడెంట్‌ని. గైడ్‌తో మాట్లాడాలంటే నాకూ ఇదే వణుకు. నెహెమ్యా 2 చదివాక ధైర్యం వచ్చింది. రాజుకు గిన్నె అందించే నెహెమ్యా, యెరూషలేమును తిరిగి కట్టడానికి వెళ్తానని రాజును అడిగే సందర్భం అది. "నేను మిగుల భయపడ్డాను" అని ఆయనే రాసుకున్నాడు. రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య చిన్న ప్రార్థన చేసుకున్నాడు. ఎంత కాలం పడుతుందో, ఏ అధికారులకు తాకీదులు కావాలో, ఎవరి అడవి నుంచి కలప కావాలో అన్నీ ముందే ఆలోచించుకుని వెళ్లాడు. నేనూ చెప్పాల్సింది చిన్న కాగితం మీద రాసుకునే వెళ్తాను. చెయ్యి వణికినా కాగితం మీది మాట మారదు.

కుర్చీకి అటువైపు:
నేను మేనేజర్‌ని, విశ్వాసిని కూడా. వినేవాడి వైపు నుంచి చెబుతాను. నా ముందు మెత్తగా మాట్లాడి, బయట అటెండర్‌ను కసిరేవాళ్లను చూశాను. ఆ వినయం నా కుర్చీకే. దానికి విలువ ఇవ్వలేం.

సిస్టర్, మీ మేనేజర్ మీద ఒత్తిడి ఉందన్నారు. దానియేలు మొదటి అధ్యాయంలో, రాజు భోజనం తినకుండా ఉండనివ్వమని దానియేలు అడిగినప్పుడు, నపుంసకుల అధిపతి పరిస్థితి కూడా అదే. దానియేలంటే ఇష్టమే, కాని ఈ కుర్రాళ్లు పాలిపోయి కనిపిస్తే రాజు తన తల తీస్తాడని భయం. దానియేలు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. పది దినాలు కూరగాయలు, నీళ్లు ఇచ్చి పరీక్షించి చూడండి, ఆ తర్వాత మీకు ఎలా తోస్తే అలా చేయండి అని పర్యవేక్షకుణ్ణి అడిగాడు. మేనేజర్ మనసు విప్పే మాట అది. "నేను చేయను" అన్నదొక్కటే వింటే నా ముందు గోడ లేచినట్టుంటుంది. "ఇలా అయితే చేయగలను" అంటే దారి కనబడుతుంది. తనిఖీని ఇప్పుడు నిజంగానే చేసి, అసలు తేదీ వేసి, ఆలస్యానికి కారణం రాద్దామని అడగండి. ఆలస్యమైందన్న మాట పడటం కష్టమే. కాని దొంగ ఎంట్రీ బయటపడితే వచ్చే నష్టంతో పోలిస్తే అది ఏమంత పెద్దది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

లూదియ:
అందరికీ చాలా థాంక్స్. మీవన్నీ చదివి ఇలా రాసుకున్నాను:

"సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? మీ మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు. మీ దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. ఈ సెక్షన్‌కు చెడ్డపేరు రాకూడదనే నా కోరిక కూడా. నేను ఏసుప్రభువును నమ్మినదాన్ని, అందుకని కొన్ని విషయాల్లో నాకు ఇబ్బందిగా ఉంటుంది. తనిఖీ గురించి కొంచెం ఆలోచించాను. వీలైతే ఈ వారంలోనే నిజంగా తనిఖీ చేసి అసలు తేదీతో రాస్తే బాగుంటుందేమో అనిపిస్తోంది."

ఎలా ఉంది?

రాత్రి డ్యూటీ:
మనసు బాగుంది సిస్టర్, కాని అసలు మాట కనబడడం లేదు. "బాగుంటుందేమో అనిపిస్తోంది" అంటే, ఆయన "సర్లే, ఈసారికి పెట్టేయ్" అంటారు. అప్పుడు మీరు మళ్లీ మొదలుపెట్టాలి. "జరగని తనిఖీకి నేను సంతకం పెట్టలేను సార్" అన్నది రెండో వాక్యంలోనే రావాలి. మెత్తగా చెప్పండి, కాని పూర్తిగా చెప్పండి.

సూటి మాట:
నేర్చుకున్నాను, చెడ్డపేరు లాంటివి తగ్గించండి. నిజమే కావచ్చు గాని ఇప్పుడు చెబితే కాకా పట్టినట్టుంటుంది. ఆ కృతజ్ఞత మరో రోజు, ఏమీ అడగాల్సిన పని లేనప్పుడు చెప్పండి.

కుర్చీకి అటువైపు:
విశ్వాసం గురించి ఆయన అడిగితే చెప్పండి. ముందే చెబితే ఇది మీ మతానికి సంబంధించిన ఇబ్బంది అనుకుంటారు. దొంగ ఎంట్రీ ఎవరికైనా తప్పే కదా. ఇంకొకటి, ఆ తనిఖీ పని మీరే తీసుకోండి. "నేనే ఉండి చేయిస్తాను" అంటే ఆయన భారం సగం తగ్గుతుంది.

లూదియ:
మార్చాను. "సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? జరగని తనిఖీకి నేను సంతకం పెట్టలేను. మీకు పైనుంచి ఒత్తిడి ఉందని తెలుసు, అందుకే ఒక దారి ఆలోచించాను. మీరు ఒప్పుకుంటే ఈ వారంలోనే నేను దగ్గరుండి తనిఖీ చేయిస్తాను. అసలు తేదీ వేసి, ఆలస్యానికి కారణం రాస్తాను. పైవాళ్లు అడిగితే వివరణ కూడా నేనే తయారుచేసి మీకు చూపిస్తాను."

ఒకవేళ ఆయన ఒప్పుకోకపోతే?

పాత మాస్టారు:
అప్పుడు వాదన పెంచకండమ్మా. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు తన ప్రతిమకు మొక్కమన్న నెబుకద్నెజరు రాజుకు ఇచ్చిన జవాబు రెండు మూడు మాటల్లో అయిపోయింది. "క్షమించండి సార్, నేను పెట్టలేను. ఆ తర్వాత మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మీతో గొడవపడను" అని చెప్పి, నమస్కారం పెట్టి వచ్చేయండి.

నల్లకోటు:
మాస్టారు గారితో ఒక్క చోట విభేదిస్తాను. "ఏ నిర్ణయం తీసుకున్నా" అని మాట ఇవ్వకండి. భద్రతకు సంబంధించిన విషయం ఇది. మీ బదులు ఇంకొకరితో సంతకం పెట్టిస్తే, పై విభాగానికి తెలియజేయాల్సిన బాధ్యత మీ మీద ఉండొచ్చు. ముందుగా మీ సంస్థ నియమాలు చదవండి. పైకి రాయాల్సి వస్తే, రాస్తున్నట్టు ముందు ఆయనకే చెప్పి రాయండి. ఆయనకు తెలియకుండా వెనక నుంచి వెళ్లొద్దు.

పాత మాస్టారు:
వకీలు గారు చెప్పిందే సరైనది. ఆ వాక్యం తీసేయండమ్మా. "క్షమించండి సార్, నేను పెట్టలేను" వరకు చాలు.