వెనిగర్ కోల్‌స్లాలో నీళ్లు ఊరుతున్నాయి, ఉప్పు ఎంత వేయాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, మలక్‌పేట. మయొనేజ్ లేకుండా వెనిగర్‌తో కోల్‌స్లా (పచ్చి క్యాబేజీ సలాడ్) మూడుసార్లు చేశాను. గంట తిరక్కముందే గిన్నె అడుగున వేలు మునిగేన్ని నీళ్లు.

సన్నగా తరిగిన క్యాబేజీ అర కిలో, ఒక క్యారెట్. డ్రెస్సింగ్‌కి తెల్ల వెనిగర్ (సీసా మీద అసిటిక్ యాసిడ్ 4 శాతం అని ఉంది) 4 టేబుల్ స్పూన్లు, పల్లీ నూనె 3, పంచదార 2, ఉప్పు ఒక టీస్పూన్, ఆవపిండి అర టీస్పూన్.

మొదటిసారి అన్నీ ఒకేసారి కలిపేశాను. రెండోసారి క్యాబేజీకి ఇంకో టీస్పూన్ ఉప్పు పట్టించి, 20 నిమిషాలాగి గట్టిగా పిండాను. నీళ్లు బాగా తగ్గాయి, ముక్క కరకరలాడింది, కానీ డ్రెస్సింగ్‌లోనూ ఉప్పు ఉండటంతో నోట పెట్టలేకపోయాం. కడిగి చూస్తే తడి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి క్యాబేజీకి ఉప్పు పట్టించకుండా, వెనిగర్‌లో పంచదార వేడి చేసి కరిగించి, చల్లార్చి పోశాను. పులుపూ తీపీ చక్కగా కుదిరాయి, మా అత్తయ్యకి కూడా నచ్చింది. నీళ్లు మాత్రం అలాగే ఊరాయి.

ఉప్పు పట్టించి పిండే పద్ధతే మంచిదనిపిస్తోంది. ఆదివారం పన్నెండింటికి కలిపి రెండింటికి వడ్డించాలి. కడగకుండా పిండిన అర కిలో క్యాబేజీకి డ్రెస్సింగ్‌లో మళ్లీ ఉప్పు వేయాలా, వేస్తే ఎంత?