అప్‌డేట్: మోటార్‌హోమ్ వెనక కట్టడానికి జీప్ రాంగ్లర్ తీసుకున్నాం

టెక్సాస్‌లో ఉండే మా అన్నయ్య మోటార్‌హోమ్ (లోపలే ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి పెద్ద బండి) వెనక ఏ కారు కట్టుకోవచ్చని హనుమకొండ నుంచి నేను అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వదిన వాడే చిన్న ఆటోమేటిక్ కారు వద్దనుకున్నాం. ఇంజిన్ ఆగి చక్రాలు తిరుగుతుంటే చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు పనిచేయదు, లోపలి భాగాలు పాడవుతాయి. రాంగ్లర్‌లో గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ గేర్‌ను పార్క్‌లో పెట్టి నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగొచ్చు.

టో బార్ (కారును మోటార్‌హోమ్‌కు కలిపే కడ్డీ), బేస్ ప్లేట్ (ఆ కడ్డీ తగిలించడానికి కారు ముందు బిగించే భాగం), వెనక లైట్ల వైరింగ్ అయిపోయాయి. కారుకు విడిగా బ్రేక్ సిస్టమ్ అంటే ఖర్చని అన్నయ్య వెనకాడాడు. నేను ఒప్పుకోలేదు. అంత బరువు వెనక నుంచి తోస్తుంటే ముందు బండి బ్రేకుల మీదే భారం వేయడమేంటి? పైగా దసరాకి అమ్మానాన్న వెళ్లి అందులోనే తిరుగుతారు. చివరికి బ్రేక్‌అవే స్విచ్‌తో సహా బిగించారు. కారు విడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడతాయి.