వైఫై కనెక్ట్ అవుతోంది, టెలిగ్రామ్ నడుస్తోంది, కానీ ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోవట్లేదు

తెనాలి_డీటీపీ:
అందరికీ నమస్కారం. ఇంట్లో నాన్నగారి డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10, యూఎస్‌బీకి గుచ్చుకునే చిన్న వైఫై డాంగిల్‌తో నడుస్తుంది. ఆదివారం నుంచి ఒకటే గొడవ. సిగ్నల్ ఫుల్, వైఫై వెంటనే కలుస్తోంది, కానీ క్రోమ్‌లో కొట్టినా ఎడ్జ్‌లో కొట్టినా గుండ్రంగా కాసేపు తిరిగి సైట్ దొరకలేదని చెప్పేస్తోంది. వైఫై పేరు కింద నో ఇంటర్నెట్ అని కూడా పడుతోంది. వింతేమిటంటే అదే కంప్యూటర్లో టెలిగ్రామ్ శుభ్రంగా పనిచేస్తోంది, మెసేజ్‌లు వస్తున్నాయి, ఫొటోలు దిగుతున్నాయి. ఇంట్లో ఫోన్లకీ టీవీకీ ఏ ఇబ్బందీ లేదు. రౌటర్ ఆపి పెట్టాను, సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, యూట్యూబ్‌లో చూసి ఫ్లష్ డీఎన్ఎస్, విన్‌సాక్ రీసెట్ రెండూ కొట్టాను, ఫలితం సున్నా. ట్రబుల్‌షూటర్ నడిపితే మీ కంప్యూటర్ సెట్టింగులు సరిగ్గానే ఉన్నాయి, డీఎన్ఎస్ సర్వర్ స్పందించడం లేదు అంటోంది. సెట్టింగులు సరిగ్గా ఉంటే మరి పనిచేయదేం? నాన్నగారు ఇంట్లోనే పెళ్లి కార్డులు, పాంప్లెట్లు చేస్తారు, ప్రెస్సుకి ఫైళ్లు మెయిల్ చేయాలి, ప్రస్తుతానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని సైకిల్ మీద తిరుగుతున్నారు. దయచేసి ఎవరైనా చెప్పండి.

సిస్టమ్_సూరి:
బ్రో, ఎందుకు బుర్ర పాడుచేసుకోవడం, ఫార్మాట్ కొట్టించెయ్. ఎలాగూ విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది, ఈ వంకతో 11 వేయించుకో. వైరస్ ఉన్నా పోతుంది.

గుంటూరు_లైన్‌మ్యాన్:
సూరీ, ఆయన డీటీపీ సిస్టమ్ అంటున్నారయ్యా. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్న మెషీన్‌ని ఫార్మాట్ చేస్తే అవన్నీ మళ్లీ ఎక్కించుకునేసరికి పెళ్లిళ్ల సీజన్ అయిపోతుంది. అంతదాకా ఎందుకు.

తెనాలి గారూ, ఒక్కసారి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 కొట్టండి (పింగ్ అంటే అవతలి మెషీన్ పలుకుతోందా అని అడగడం, 8.8.8.8 అంటే సైట్ పేరుకి నంబర్ చెప్పే గూగుల్ డీఎన్ఎస్ సర్వర్), తర్వాత పింగ్ గూగుల్.కామ్ కొట్టండి (ఇంగ్లీషులోనే టైప్ చేయాలి సుమా). రెండింటికీ ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి. ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి వైఫై అడాప్టర్ దగ్గర ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్స్ అనే మూడు లైన్లు చూసి చెప్పండి. ఐపీ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్‌కి ఉండే నంబర్) 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రసే రాలేదని లెక్క, అది వేరే కథ. మీకు టెలిగ్రామ్ నడుస్తోంది కాబట్టి అది కాకపోవచ్చు. అన్నట్టు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కూడా ఆ కంప్యూటర్ని కలిపి చూడండి.

వైజాగ్_వనిత:
గడియారం కూడా చూసుకోండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు హెచ్‌టీటీపీఎస్ సైట్లు తెరుచుకోవు. మా ఆఫీసులో అకౌంట్స్ సిస్టమ్‌కి అదే జరిగింది. కానీ అలాంటప్పుడు బ్రౌజర్ కనెక్షన్ ప్రైవేట్ కాదనో, మీ గడియారం వెనకబడిందనో చెబుతుంది, సైట్ దొరకలేదని చెప్పదు. అయినా చూడటానికి డబ్బులేం అక్కర్లేదుగా.

తెనాలి_డీటీపీ:
థాంక్స్ అండీ. తేదీ, టైమ్ కరెక్ట్‌గానే ఉన్నాయి వనిత గారూ. పింగ్ 8.8.8.8కి నాలుగు రిప్లైలూ వచ్చాయి. గూగుల్.కామ్ కొడితే ఆ హోస్ట్ దొరకలేదు, పేరు సరిచూసుకోండి అని వచ్చింది. ఐపీ 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. డీఎన్ఎస్ దగ్గర మాత్రం ఈ 192 నంబర్ లేదు, వేరే ఏవో రెండు పెద్ద నంబర్లు ఉన్నాయి, 8.8.8.8 కూడా కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తోనూ అంతే, కలుస్తోంది, సైట్లు రావట్లేదు. అంటే డాంగిల్ పోయినట్టా? కొత్తది కొనమంటారా?

గుంటూరు_లైన్‌మ్యాన్:
డాంగిల్‌కి ఏం కాలేదు, డబ్బులు తగలేయకండి. 8.8.8.8 దాకా వెళ్లి జవాబు తిరిగొచ్చిందంటే డాంగిల్, రౌటర్, లైన్ అన్నీ బాగున్నట్టే. పేరు కొడితేనే పోతోంది కాబట్టి తప్పు పేరును ఐపీగా మార్చే దగ్గర, అంటే డీఎన్ఎస్ దగ్గర ఉంది. టెలిగ్రామ్ ఎందుకు నడుస్తోందంటే ఆ యాప్‌లో వాళ్ల సర్వర్ల ఐపీలు ముందే రాసి ఉంటాయి, పేరు ఎవరినీ అడగక్కర్లేదు. సైట్లు ఆగి టెలిగ్రామ్ ఒక్కటే నడుస్తుంటే నేను మొదట డీఎన్ఎస్సే చూస్తాను. హాట్‌స్పాట్‌తో కూడా అదే తంతు అంటే తప్పు మీ రౌటర్‌లో లేదు, కంప్యూటర్లోనే ఉంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఎన్ఎస్‌లుకప్ గూగుల్.కామ్ అని (ఈ పేరుకి ఐపీ ఏమిటని డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్ ఇది) కొడితే ఏమంటోంది? దాని వెనకే ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి కొడితే ఏమంటోంది? ఇంకొకటి, ఆదివారం ఇంట్లో ఏం మారింది? ఏమీ మారలేదు అనకండి, ఏదో ఒకటి మారే ఉంటుంది.

తెనాలి_డీటీపీ:
మొదటిదానికి టైమ్డ్ ఔట్, టైమౌట్ వాజ్ 2 సెకండ్స్ అని వరసగా పడుతోంది. 8.8.8.8 చేర్చి కొడితే టక్కున అడ్రస్ ఇచ్చేసింది!

మారడం అంటే, ఆదివారం పాత కేబుల్ నెట్ తీసేసి ఫైబర్ పెట్టించుకున్నాం. కానీ లైన్ వేసినతను పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టి వెళ్లాడు, మళ్లీ అన్నిట్లో కొట్టుకునే పని లేకుండా. అందుకే దీనికీ దానికీ సంబంధం ఉందని అసలు అనుకోలేదు.

గుంటూరు_లైన్‌మ్యాన్:
హమ్మయ్య, దొరికింది. ఆ రెండు పెద్ద నంబర్లు మీ పాత నెట్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లవి అయి ఉంటాయి. అప్పట్లో కనెక్షన్ ఇచ్చినతనో, సిస్టమ్ బాగుచేసినతనో వాటిని చేత్తో ఎక్కించి ఉంటాడు. చాలా కంపెనీల డీఎన్ఎస్ తమ కస్టమర్లకి మాత్రమే జవాబిస్తుంది, బయటి లైన్ నుంచి అడిగితే పలకదు. అందులో వాళ్ల తప్పూ లేదు, అందరికీ తెరిచిపెడితే దాన్ని అడ్డుపెట్టుకుని వేరేవాళ్ల మీద దాడులు చేసేవాళ్లు ఉన్నారు. ఇన్నాళ్లూ మీరు ఆ లైన్ మీదే ఉన్నారు కాబట్టి నడిచింది. ఫోన్లూ టీవీ డీఎన్ఎస్ ఎవరో కొత్త రౌటర్నే అడిగి తెలుసుకుంటాయి, అందుకే వాటికి లైన్ మారిన సంగతే తెలియలేదు. ఫ్లష్ డీఎన్ఎస్ వల్ల పాత జవాబులు చెరిగిపోతాయే గానీ ఎవరిని అడగాలి అన్నది మారదు, విన్‌సాక్ రీసెట్ కూడా ఆ నంబర్ల జోలికి పోదు. ట్రబుల్‌షూటర్ సెట్టింగులు సరే అనడం కూడా అబద్ధమేం కాదు, నంబర్ నంబర్‌లాగే ఉంది, అవతల పలికేవాడే లేడు.

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ.సీపీఎల్ కొట్టండి (ఇదీ ఇంగ్లీషులోనే). వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 అనే లైన్ ఉంటుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే పైభాగం ఐపీది, కింద భాగం డీఎన్ఎస్‌ది. కింద ఆ రెండు నంబర్లూ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, ఆటోమేటిక్‌గా తీసుకునేదానికి చుక్క మార్చి ఓకే కొట్టండి. పైభాగాన్ని కదిలించకండి. వైఫై ఒకసారి ఆపి పెట్టి అప్పుడు క్రోమ్ తెరవండి.

శ్రీకాకుళం_చిన్నోడు:
లైన్‌మ్యాన్ అన్న చెప్పింది కరెక్ట్. ఆ కిటికీలోనే ఉన్నప్పుడు కిందే వెర్షన్ 6 టిక్ ఉందో లేదో కూడా చూడండి. నాకు అనుమానం ఎందుకంటే చాలా మొబైల్ నెట్‌వర్కులు ఐపీవీ6 (అంటే ఈ వెర్షన్ 6 అడ్రసులు) ఇస్తాయి, చాలా ఫోన్ల హాట్‌స్పాట్‌లో దానితోపాటు డీఎన్ఎస్ కూడా వస్తుంది, ఆ దారిన సైట్లు తెరుచుకునే అవకాశం ఉంది. మీకు హాట్‌స్పాట్‌తోనూ రాలేదంటే టిక్ ఎవరో తీసేసి ఉండాలి. స్పీడ్ పెరుగుతుందని కొందరు మెకానిక్కులు అది తీసేస్తుంటారు, ఏం పెరుగుతుందో వాళ్లకే తెలియాలి.

ఇంకొక మాట, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ అని ఒకటి ఉంటుంది, దానితో కూడా ఈ సమస్య పోతుంది గానీ అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది. డాంగిల్‌కి దాని డ్రైవర్ సీడీ కావాల్సి వస్తే, చేతిలో సీడీ లేకపోతే, నెట్ లేకుండా నెట్ డ్రైవర్ కోసం వెతుక్కోవాలి. చెయ్యొద్దు.

తెనాలి_డీటీపీ:
వచ్చేసింది! చుక్క మార్చి ఓకే కొట్టి వైఫై ఆపి పెట్టగానే నో ఇంటర్నెట్ పోయింది, జీమెయిల్ తెరుచుకుంది. చిన్నోడు గారన్నట్టే వెర్షన్ 6 టిక్ లేదు, పెట్టేశాను. నాన్నగారు ఇప్పటికే రెండు కార్డులు ప్రెస్సుకి పంపేశారు. అందరికీ చాలా థాంక్స్. ఒక డౌట్, దీన్ని ఇలా ఆటోమేటిక్‌లో వదిలేయాలా, లేక 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్) పెట్టుకుంటే మంచిదా? మా ఫ్రెండ్ అది స్పీడ్ అంటున్నాడు.

గుంటూరు_లైన్‌మ్యాన్:
వదిలేయండి. 1.1.1.1, 8.8.8.8 ఏ లైన్ మీదైనా పలుకుతాయి కాబట్టి ఈ రకం సమస్య రాదు, నిజమే. కానీ సైట్ పేరు కనుక్కునే క్షణంలోనే తేడా ఉంటుంది, ఫైల్ దిగే స్పీడ్ ఏం పెరగదు. మీ ఫైబర్ వాళ్ల డీఎన్ఎస్ తరచూ మొరాయిస్తుంటే అప్పుడు రౌటర్‌లోకి వెళ్లి అక్కడ మార్చండి, ఇంట్లో ఆటోమేటిక్‌లో ఉన్నవన్నీ అదే తీసుకుంటాయి. ఒక్కో కంప్యూటర్లో చేత్తో పెడితే మళ్లీ ఎప్పుడో లైన్ మారినప్పుడు గుర్తుండి చావదు.

ఒంగోలు_బుల్లోడు:
అన్నా, నాకూ సేమ్ ప్రాబ్లమ్, వైఫై కలుస్తోంది, సైట్లు రావట్లేదు, నేనూ డీఎన్ఎస్ మార్చాలా? నా ఐపీ 169.254.80.12 చూపిస్తోంది.

గుంటూరు_లైన్‌మ్యాన్:
సేమ్ కాదు తమ్ముడూ, నీకు రౌటర్ అడ్రసే ఇవ్వలేదు, డీఎన్ఎస్ దాకా పోనే లేదు. పాత పాస్‌వర్డ్ ఫర్‌గెట్ కొట్టి మళ్లీ కలుపు, అప్పటికీ అదే నంబర్ వస్తే రౌటర్ మోడల్, ఎన్ని ఫోన్లు కలిశాయో రాస్తూ వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ చూద్దాం.