పాత ఒరిజినల్ రికార్డుకి 14 వేలు పెట్టాలా, కొత్త రీఇష్యూ చాలా? చెన్నై వాళ్ళు కాస్త చెప్పండి

సగం_జీతం
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, ఉద్యోగం రీత్యా వేళచ్చేరిలో ఉంటున్నా, జాజ్ పిచ్చి పట్టి రెండేళ్ళయింది. పెరంబూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ పాత రికార్డులు అమ్మేస్తున్నారని తెలిసి నిన్న వెళ్ళా. వాళ్ళాయన మర్చంట్ నేవీలో చేసేవారట, ఓడ న్యూయార్క్‌లో ఆగినప్పుడల్లా రెండు మూడు కొనుక్కొచ్చేవారట, ఇప్పుడాయన లేరు. అందులో జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ ఉంది. లేబుల్ మీద కొలంబియా వాళ్ళ ఆరు కళ్ళ గుర్తు, అంటే మొదట్లో వేసిన కాపీయే. కవరు ఒక మూల చెద కొట్టేసింది, రికార్డు మీద సన్న గీతలున్నాయి, 14 వేలు చెప్తున్నారు. ఇప్పుడు మళ్ళీ కొత్తగా నొక్కిన రీఇష్యూ మూడు వేల చిల్లరకి దొరుకుతోంది. మా ఆవిడేమో "పాత బండి తక్కువకిస్తారు, పాత పాట ఎక్కువకిస్తారా" అంటోంది, నా దగ్గర జవాబు లేదు. తీసుకోనా వద్దా?

గాడి_తప్పినవాడు
బ్రో ఇంకా అడుగుతున్నావా, పరిగెత్తు. 1959లో టేపు తాజాగా ఉన్నప్పుడు కోసిన గాడి అది. టేపు అయస్కాంతం పూత కదా, ఏళ్ళు గడిచేకొద్దీ, తిప్పేకొద్దీ ఎంతో కొంత రాలుతుంది, అరవై ఏళ్ళు పోయాక దాని నుంచి చేసిన రీఇష్యూ ఎంత బాగున్నా ముసలి టేపు ఫొటోనే. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డులు చూడు, రికార్డ్ చేసిన రూడీ వాన్ గెల్డరే కాపీలన్నిటికీ మూలమైన మాస్టర్ డిస్కు గాడి కూడా తన చేత్తో కోసేవాడు, లేబుల్ చుట్టూ పాట లేని ఖాళీ జాగాలో ఆర్.వి.జి. అని ముద్ర ఉంటుంది, పక్కన చెవి ఆకారంలో చిన్న గుర్తుంటే అది ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో నొక్కిందని, 1966 దాకా అక్కడే నొక్కారు. ఆ చెవి గుర్తు కనపడితే చాలు నాకు గుండె దడ. రీఇష్యూ అంటే ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేసిన పులిహోర, తినొచ్చు, కాదన్ను.

స్ట్రీమింగ్_చాలు
ఫ్రిజ్ పులిహోరే బాగుంటుంది సామీ, పులుపు పడుతుంది 😂 "అంతా ఎనలాగ్", అంటే డిజిటల్ తగలకుండా టేపు నుంచే కోసింది అని వేలు పోసి కొన్న మొబైల్ ఫిడెలిటీ కంపెనీ రీఇష్యూ రికార్డుల్లో మధ్యలో డిజిటల్ స్టెప్ ఉందని 2022లో బయటపడింది గుర్తుందా? అప్పటిదాకా "ఆహా ఏం వెచ్చదనం" అని మురిసిపోయిన బంగారు చెవులు ఒక్కటీ పట్టుకోలేకపోయాయి. పైగా నువ్వు చెప్పిన ఆ వాన్ గెల్డరే ఎల్పీ కంటే డిజిటలే నయమని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. కోసిన చెయ్యే అలా అంటే నీ గుండె దడ ఎందుకు?

ఉప్పుగాలి
నేను బెసెంట్ నగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నా బాబూ. మూర్ మార్కెట్ 1985లో తగలబడకముందు అక్కడ కుప్పల్లో వెతికి కొన్నవాణ్ణి. నాకు ఒరిజినల్ మీద ద్వేషం లేదు గానీ మీరిద్దరూ అమెరికాలో ఉన్నట్టు మాట్లాడుతున్నారు. మన ఊళ్ళో రికార్డు వయసు ఒకటే కాదు, ఎలా బతికిందో చూడాలి. అప్పట్లో మన ఇళ్ళల్లో ఉన్న ప్లేయర్ల సిరామిక్ సూది ఐదారు గ్రాముల బరువుతో గాడిని దున్నేసేది, ఇప్పటి కార్ట్రిడ్జి (సూది ఉండే ముక్క) రెండు గ్రాములకి అటూ ఇటూ. అలా దున్నిన రికార్డు చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, ట్రంపెట్ గట్టిగా ఊదిన చోట మాత్రం గరగరమంటుంది. గీతలకి చిటపట వస్తుంది, అది భరించొచ్చు. ఆ గరగర ఏం చేసినా పోదు. కాబట్టి కంటితో చూసి కొనకు, ఆవిడనే ప్లేయర్ మీద పెట్టమను, రెండు వైపులా చివరి అంగుళం దాకా కూర్చో. లోపలి వలయాలకి వచ్చేసరికి చుట్టు చిన్నదవుతుంది కాబట్టి గాడిలో ఉన్న జబ్బంతా అక్కడే బయటపడుతుంది.

ఇక బూజు. తెల్ల మచ్చలుంటే డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడువు, అడ్డంగా కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకి మాత్రం ఈ పని చెయ్యకు, అది లక్క, ఆల్కహాల్‌కి కరుగుతుంది. నేను ఒకటి అలాగే పాడుచేసుకున్నా, ఏ రికార్డో చెప్పను, ఇప్పటికీ బాధే. ఇంటికొచ్చాక నిలువుగా పెట్టు, ఒకదానిమీద ఒకటి పేరిస్తే మన ఎండలకి అప్పడమే.

మైలాపూర్_తంబూరా
అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి! కైండ్ ఆఫ్ బ్లూ మొదటి వైపు శ్రుతి తప్పు. మార్చి 2న రికార్డ్ చేసిన రోజు మాస్టర్ టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగిందట, దాన్ని మామూలు స్పీడులో ఆడిస్తే పాట వేగంగా, పై శ్రుతిలో వస్తుంది కదా. సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్, మూడూ అంతే. ఏప్రిల్ 22న చేసిన రెండో వైపు బాగానే ఉంది. 1992లో అదే రోజు పక్కన రెండో మెషీన్ మీద తీసిన సేఫ్టీ టేపు వాడి సరిచేశారు, ఇప్పుడొచ్చేవాటిలో చాలావరకు ఆ సరైన స్పీడే. నేను వీణ నేర్చుకున్నదాన్ని, మా అన్నయ్య పాత కాపీ పెడితే నా తంబూరాతో ఎంతకీ కలిసేది కాదు, నా చెవే పోయిందనుకుని ఏడ్చా. స్పీడు 1 శాతం మారితే శ్రుతి సుమారు 17 సెంట్లు జరుగుతుంది, అంటే ఒక స్వరస్థానంలో ఆరో వంతు. మా టీచరైతే వేళ్ళ మీద కొట్టేవారు ఆ తేడాకి. ఈ తప్పుకి 14 వేలా?

గాడి_తప్పినవాడు
తంబూరా గారూ, 1959 నుంచి 1992 దాకా 33 ఏళ్ళు ప్రపంచం విన్నది ఆ "తప్పే" కదండీ. దాన్ని పక్కన పెట్టుకుని ఎంతమంది సాక్సోఫోన్ నేర్చుకున్నారు, ఎన్ని రాత్రులు విన్నారు, చరిత్రలో ఉన్న రికార్డు అదే. మీరు చెప్పే సరైనది తర్వాత ఎవరో బాగుచేసింది. మొదట్లో వచ్చిన కొన్ని కాపీల్లో రెండో వైపు ఆల్ బ్లూస్, ఫ్లమెంకో స్కెచెస్ పేర్లు కూడా తారుమారుగా పడ్డాయి, మాకు అదీ ముద్దే 😄

మైలాపూర్_తంబూరా
ముద్దే, కాదన్ను. కానీ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్ ఆ గదిలో కూర్చుని వాయించిన శ్రుతి ఇది కాదు కదా. నాకు వాళ్ళు వాయించింది కావాలి, మీకు షాపులో అమ్మింది కావాలి. గుడిలో శిల్పం మీద సున్నం కొట్టేసి వందేళ్ళయిందని సున్నమే శిల్పం అంటామా?

గాడి_తప్పినవాడు
సున్నం పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఆ సున్నం గీకేవాడు ముక్కు కూడా గీకేస్తే? అన్ని రీఇష్యూలూ జాగ్రత్తగా చెయ్యరండీ.

ఉప్పుగాలి
అందుకే ఎవరు చేశారో చూసి కొనాలి. బ్లూ నోట్ వాళ్ళు 2019 నుంచి వేస్తున్న టోన్ పోయెట్ అనే రీఇష్యూ సిరీస్‌లో కెవిన్ గ్రే అనే ఇంజనీరు పాత ఎనలాగ్ టేపు నుంచే కోస్తున్నాడు, నా దగ్గరున్న అరిగిన ఒరిజినల్ పక్కన పెట్టి వింటే బాస్ ఎంత ఉందో తెలిసింది. ఆ రోజుల్లో చిన్న ప్లేయర్లలో సూది ఎగరకుండా బాస్ తగ్గించి కోసేవాళ్ళు. ఒరిజినల్ నేను అమ్మలేదులే, అడక్కండి.

సగం_జీతం, ఇంకో మాట. వెళ్ళేటప్పుడు ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ వేసుకెళ్ళు. లేబుల్ మీద చిన్న కాగితం ముక్క పెట్టి మూడు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు, నిమిషానికి 33⅓ చుట్ల స్పీడైతే సరిగ్గా 100 రావాలి.

స్ట్రీమింగ్_చాలు
పాట వినడానికి వెళ్తున్నాడా పంచాయతీ సర్వేకి వెళ్తున్నాడా 😂

సగం_జీతం
ఆదివారం వెళ్ళొచ్చాం, మా ఆవిడ కూడా వచ్చింది. ఆంటీ టీ, ప్లమ్ కేకు పెట్టి, హాల్లో ఉన్న పాత వాల్వు రేడియోగ్రామ్ (రేడియో, ప్లేయర్ కలిసిన పెట్టె) మీద రికార్డు పెట్టారు. చిటపట ఉంది, లోపలి వలయాల్లో గరగర లేదు, ఆయన జాగ్రత్తగా వాడినట్టున్నారు. సో వాట్ మొదలవగానే ట్యూనర్ తీశా, పాట ఉండాల్సిన డి స్వరం దగ్గరే ముల్లు నిటారుగా నిలబడింది! శ్రుతి తప్పలేదేంటి, ఇది మొదటి కాపీ కాదా అని నాకు చెమటలు పట్టాయి. అప్పుడు ఉప్పుగాలి గారు చెప్పినట్టు కాగితం పెట్టి లెక్కపెట్టాం, మా ఆవిడ ఫోన్‌లో టైమ్ చూసింది, నేను చుట్లు. 98 దాటాయి, 99 కాలేదు. రెండుసార్లు చూశాం, అంతే. రేడియోగ్రామ్‌లో రబ్బరు చక్రం అరిగి నెమ్మదిగా తిరుగుతోంది, రికార్డులో ఉన్న తప్పు, ప్లేయర్‌లో ఉన్న తప్పు ఒకదాన్నొకటి తినేశాయి.

ఆ హాల్లో మాత్రం, ఆ ఒక్క పెట్టె మీద, మైల్స్ వాయించిన శ్రుతిలోనే వినిపిస్తోందన్నమాట.

మైలాపూర్_తంబూరా
అయ్యో రామా. మరి కొన్నారా?

సగం_జీతం
రికార్డు ఇంటికి తెస్తే శ్రుతి మళ్ళీ పైకి పోతుంది కదండీ, నా ప్లేయర్‌కి స్పీడు మార్చే స్లైడర్ లేదు. రేడియోగ్రామ్ కూడా కలిపి ఎంతకిస్తారని అడిగింది మా ఆవిడ, నేను కాదు. ఆంటీ నవ్వి, అది అమ్మకానికి కాదు, అప్పుడప్పుడూ వచ్చి వినండి అన్నారు. వచ్చే ఆదివారం రెండో వైపు వినడానికి వెళ్తున్నాం.